పాత ఎస్‌యూవీకి కొత్త సస్పెన్షన్: ముందు టేపు, తర్వాతే షాపు

బండి గుంతలో దిగి దడ్‌మంటే షెడ్డులో మొదట వినపడే మాట ఒకటే. "షాకబ్జర్లు పోయినాయి సార్, నాలుగూ మార్చేద్దాం." ఆ మాట కొన్నిసార్లు పూర్తిగా నిజం, ఎక్కువసార్లు సగమే నిజం. మిగతా సగం తెలుసుకోకుండా డబ్బు పెడితే శబ్దం ఎక్కడికీ పోదు.

నాది 2009 నాటి సఫారీ. వారంలో ఆరు రోజులు తిరుపతి నుంచి రేణిగుంట మీదుగా ఏర్పేడు వెళ్లి వస్తాను. ఆదివారం దామలచెరువు దగ్గరున్న మా మామిడి తోటకి. నాలుగేళ్ల కిందట ఒక షెడ్డువాళ్ల మాట మీద నాలుగు షాకబ్జర్లూ మార్పించాను. రెండు వారాలు బాగుంది. తర్వాత ముందు ఎడమ చక్రం దగ్గర మళ్లీ అదే శబ్దం. చివరికి తేలిందేమిటంటే, పోయింది లోయర్ ఆర్మ్ బుష్, అంటే చక్రాన్ని ఛాసిస్‌కి పట్టి ఉంచే కింది చెయ్యి కీలులో ఉండే రబ్బరు ముక్క. సరే అని బుష్‌లు వేయిస్తే అవి ఏడాది తిరక్కుండానే చిరిగిపోయాయి. ఎందుకు చిరిగాయో బిగించే రోజు గురించి రాసేటప్పుడు చెబుతాను. ఆ అనుభవం తర్వాత ఏ పార్టు కొన్నా ముందు కొలతలు తీసుకుంటున్నాను. ఆ పద్ధతినే ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీది స్కార్పియో అయినా, బొలెరో, క్వాలిస్, పాత ఫార్చ్యూనర్, డస్టర్ ఏదైనా పద్ధతి ఇదే.

మోసేది ఏది, ఆపేది ఏది

బరువు మోసేది స్ప్రింగు. షాకబ్జర్ బరువు మోసే వస్తువు కాదు, ఊగుతున్న స్ప్రింగును ఆపడం దాని పని. దాని లోపల నూనె ఉంటుంది, పిస్టన్‌కి సన్నని రంధ్రాలున్న వాల్వులు ఉంటాయి. పిస్టన్ కదలాలంటే నూనె ఆ సందుల్లోంచి దూరాలి. అందుకే ఊపు తగ్గి, ఆ శక్తి అంతా వేడిగా మారుతుంది. గతుకుల రోడ్డు మీద గంట నడిపి దిగి, షాకబ్జర్ దగ్గర జాగ్రత్తగా చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తెలుస్తుంది. మూడు వేడిగా ఉండి ఒకటి మాత్రం చల్లగా ఉంటే అది పని చేయడం లేదని అనుమానించాలి.

మూడో జట్టు కీళ్లు: బుష్‌లు, బాల్ జాయింట్లు (ఆర్మ్ కొనలో చక్రాన్ని పట్టి ఉంచే గుండు కీళ్లు), లింక్ రాడ్లు, టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్ తిప్పుడును చక్రానికి అందించే కడ్డీ కొనలు). పాత బండిలో ఎక్కువ గొడవ వీటితోనే. కొంచెం ముతకగా చెప్పాలంటే బండి కుంగితే స్ప్రింగు, ఊగి ఊగి ఆగకపోతే షాకబ్జర్, టకటకలాడినా స్టీరింగ్ తేలిపోయినా కీళ్లు.

మీ బండి కింద ఏముందో ఒకసారి వంగి చూసుకోండి. సఫారీ డైకార్‌కి ముందు టార్షన్ బార్లు (మెలిపడి స్ప్రింగులా పనిచేసే ఇనుప కడ్డీలు), వెనక కాయిల్ స్ప్రింగులు. బొలెరోకి వెనక కమాన్ కట్టలు, అంటే పట్టీల మీద పట్టీలు పేర్చిన స్ప్రింగులు. ఇన్నోవాకి, ఫార్చ్యూనర్‌కి ముందూ వెనకా కాయిల్ స్ప్రింగులే. డస్టర్ లాంటి బండికి ముందు స్ట్రట్ ఉంటుంది, అంటే షాకబ్జర్ చుట్టూనే స్ప్రింగు కూర్చుంటుంది. ఒకే పేరుతో వచ్చిన బండిలో కూడా మధ్యలో మార్పులు జరిగాయి. సఫారీనే చూడండి, 2012లో స్టోర్మ్ వచ్చేసరికి ముందు టార్షన్ బార్లు పోయి కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. కాబట్టి షాపులో బండి పేరు చెబితే చాలదు. తయారైన సంవత్సరం, ఛాసిస్ నంబరు చెప్పి అడగాలి.

మీ బండి రోజూ చేసే పని రాసుకోండి

ఇది అందరూ వదిలేసే పని. రెండు వారాలపాటు ఎంత దూరం, ఎలాంటి రోడ్డు, లోపల ఎంతమంది, వెనక ఎంత బరువు అని ఒక పుస్తకంలో రాయండి. ఊహించి రాస్తే తప్పు వస్తుంది, మనకు గుర్తుండేది పెద్ద ప్రయాణాలే కాబట్టి.

నా పుస్తకంలో ఏం తేలిందంటే, బండి నడిచిన దూరంలో ఎక్కువ భాగం నాలుగు లైన్ల రోడ్డు మీద, లోపల నేనొక్కడినే. రోజూ పదికి పైగా స్పీడ్ బ్రేకర్లు. వారానికోసారి తోట దారిలో రెండు మూడు కిలోమీటర్ల మట్టి రోడ్డు. ఏడాదిలో మూడు నాలుగుసార్లు కుటుంబంతో కొండకి. మే చివర నుంచి జులై దాకా మాత్రం ఆదివారాలు వెనక మామిడి క్రేట్లు. క్రేటు 20 కిలోల పైనే తూగుతుంది, పది క్రేట్లంటే 200 కిలోలు దాటినట్టే.

ఈ లెక్క చూడకముందు నాకు వెనక గట్టి స్ప్రింగులు వేయించాలని ఉండేది. చూశాక ఆ ఆలోచన మానుకున్నాను. పది ఆదివారాల బరువు కోసం మిగతా మూడు వందల రోజులు నడుం నొప్పి తెచ్చుకోవడం సరికాదు. అదే మీరు చిత్తూరు వైపు గ్రానైట్ క్వారీలకు రోజూ నలుగురు మనుషులతో, పనిముట్లతో తిరిగేవాళ్లయితే మీ లెక్క వేరుగా వస్తుంది, మీరు కొనాల్సిన సామాను కూడా వేరే.

టైర్లు చూడకుండా ముందుకు పోవద్దు

టైరు గట్టిపడిపోతే ఎంత ఖరీదైన షాకబ్జర్ వేసినా బండి రాయి మీద నడిచినట్టే ఉంటుంది. టైరు పక్కన అచ్చు వేసిన నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసిన గాలి ఎంతో చూసి, పొద్దున బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవండి. మన ఎండల్లో మధ్యాహ్నం పెట్రోల్ బంకులో కొలిస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది, గాలి తీసేస్తారు, మర్నాటికి తక్కువవుతుంది.

ఇంకో పని చేయండి. టైరు మీద అరచెయ్యి పెట్టి చుట్టూ నెమ్మదిగా తడమండి. ఒక చోట ఎత్తు, ఒక చోట పల్లం, మళ్లీ ఎత్తు అని అలలలాగా తగిలితే షాకబ్జర్ చక్రాన్ని రోడ్డుకు ఆనించి ఉంచడం లేదని ఒక గుర్తు. వీల్ బ్యాలెన్సింగ్ తప్పినా ఇలా కావచ్చు, అది చేయించి చూడాలి. టైరు లోపలి అంచో బయటి అంచో మాత్రమే అరిగితే అది అలైన్‌మెంట్ (చక్రాలు నిలబడే కోణం) లేదా కీళ్ల సంగతి.

టేపు పట్టి ఎత్తు కొలవడం

ఒక స్టీలు టేపు, ఒక కాగితం, చదునైన నేల కావాలి. ఇంటి ముందు వాకిలి వాలుగా ఉంటుంది, పనికిరాదు. నేను తెల్లవారుజామున మనుషులు లేనప్పుడు పెట్రోల్ బంకు సిమెంటు నేల మీద కొలుస్తాను. బండి ఖాళీగా ఉండాలి, డీజిల్ సగం ట్యాంకు, టైర్లలో సరైన గాలి. ఆపే ముందు ఐదారు మీటర్లు ముందుకీ వెనక్కీ కదిపి ఆపండి, అప్పుడే సస్పెన్షన్ తన చోట తాను కూర్చుంటుంది.

చక్రం మధ్యనున్న హబ్ నుంచి నిలువుగా పైకి, ఫెండర్ (చక్రం పైనున్న రేకు) అంచు దాకా కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి అన్నీ లెక్కలోకి వచ్చేస్తాయి. నాలుగు చక్రాలకు నాలుగు అంకెలు మి.మీ.లో రాసుకోండి. ఒకే యాక్సిల్ మీద ఎడమకీ కుడికీ 10 నుంచి 15 మి.మీ. కన్నా ఎక్కువ తేడా ఉంటే వదిలేయకూడదు. డ్రైవర్ ఒక్కడే తిరిగే పాత బండిలో కుడివైపు ముందు కొంచెం కిందికి ఉండటం మామూలే. మీ బండి మోడల్‌కి కంపెనీ చెప్పిన ఎత్తు సర్వీస్ పుస్తకంలో దొరికితే మంచిది. దొరక్కపోతే అదే మోడల్ బండి, తక్కువ తిరిగినది, ఎవరిదైనా ఉంటే అడిగి కొలుచుకోండి. ఎవరూ కాదనరు.

ఈ అంకెలు కంపెనీ ఎత్తుకు దగ్గరగా ఉండి, రెండు వైపులా సమంగా ఉంటే మీ స్ప్రింగులు బాగున్నట్టే. వాటి జోలికి పోవద్దు.

ఇంకో చిన్న ఉపాయం ఉంది. వెనక యాక్సిల్ పైన ఛాసిస్‌కి రబ్బరు బంప్ స్టాపర్లు ఉంటాయి. వాటి కొనకి కొంచెం తడి సున్నం పూసి వారం రోజులు మామూలుగా నడపండి. తర్వాత కింద యాక్సిల్ మీద సున్నం మచ్చ పడిందేమో చూడండి. మచ్చ పడితే బండి అడుగంటుతోందని అర్థం. నా బండికి ఒంటరిగా తిరిగిన వారంలో మచ్చ లేదు, క్రేట్లు వేసిన ఆదివారం మాత్రం రెండు వైపులా రూపాయి బిళ్లంత మచ్చ పడింది. నా స్ప్రింగులు రోజువారీ పనికి సరిపోతున్నాయనీ, బరువు వేసినప్పుడు మాత్రమే చాలడం లేదనీ ఆ మచ్చే చెప్పింది.

కీళ్లు చూడటం

దీనికి ఇంకొక మనిషి తోడుండాలి. బండి కిందికి దూరే ముందు వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి, స్టాండ్లు పెట్టండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి ఎప్పుడూ దూరవద్దు.

ముందు చక్రం గాలిలోకి లేపి, గడియారంలో 12, 6 ఉండే చోట రెండు చేతులతో పట్టి లోపలికీ బయటికీ ఊపండి. కదలిక తెలిస్తే తోడున్న మనిషిని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే కదలిక ఆగిపోతే వీల్ బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింట్. 3, 9 ఉండే చోట పట్టి ఊపినప్పుడు మాత్రమే కదిలితే టై రాడ్ ఎండ్ చూడాలి. స్ప్రింగు గానీ టార్షన్ బార్ గానీ కింది ఆర్మ్‌కి తగిలి ఉంటే జాకీని ఆ ఆర్మ్ కొన కింద పెట్టాలి. ఛాసిస్ కింద పెడితే స్ప్రింగు బలానికి బాల్ జాయింట్ బిగుసుకుని ఉంటుంది, అరిగినా కదలిక తెలియదు. చాలా షెడ్లలో ఇక్కడే పొరపాటు జరుగుతుంది.

బుష్‌లను ఇనుప కడ్డీతో నెమ్మదిగా ఎత్తి చూడాలి. రబ్బరు మీద సన్నటి గీతలు పర్వాలేదు. లోపలి ఇనుప గొట్టం నుంచి రబ్బరు విడిపోయినా, గొట్టం ఒక పక్కకి జరిగిపోయినా మార్చాల్సిందే.

శబ్దాన్ని బట్టి కూడా కొంత తెలుస్తుంది. చిన్న కంకర మీద నెమ్మదిగా పోతుంటే టకటక వస్తే మలుపులో బండి ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బార్‌ని పట్టి ఉంచే లింక్ రాడ్లు ముందు చూడండి, వాటి బుష్‌లు కూడా. ఇవి అన్నింటికన్నా చవక పార్టులు, ఎక్కువ భయపెట్టేవీ ఇవే. స్ట్రట్ ఉన్న బండిలో నిలబడి స్టీరింగ్ తిప్పితే ముందు నుంచి టంగుమని స్ప్రింగు జరిగిన శబ్దం వస్తే పైనున్న స్ట్రట్ బేరింగ్ చూడాలి.

షాకబ్జర్ నిజంగా పోయిందా

బండి మూలను కిందికి నొక్కి వదిలే పరీక్ష అందరికీ తెలిసిందే. వదిలాక పైకి లేచి, కిందికి వచ్చి ఆగిపోవాలి. ఇంకా ఊగితే పోయినట్టు. కానీ రెండు టన్నుల ఎస్‌యూవీని చేత్తో ఎంత నొక్కగలం? పూర్తిగా పాడైనదే ఈ పరీక్షలో దొరుకుతుంది, సగం పాడైనది దొరకదు.

షాకబ్జర్ ఒంటి మీద పలచటి నూనె తడి, దాని మీద దుమ్ము ఉంటే కంగారు అక్కర్లేదు. నూనె చారలు కట్టి కిందికి కారుతుంటే మార్చాలి. అన్నింటికన్నా నమ్మదగినది రోడ్డు పరీక్ష. రోజూ వెళ్లే దారిలో ఒక స్పీడ్ బ్రేకర్, ఒక కల్వర్టు ఎంచుకోండి, ప్రతిసారీ ఒకే వేగంలో దాటండి. స్పీడ్ బ్రేకర్ దిగాక ముక్కు ఒకసారి లేచి కూర్చోవాలి. రెండోసారి మూడోసారి కూడా లేస్తుంటే, గతుకుల్లో బ్రేకు వేసినప్పుడు చక్రం ఎగురుతున్నట్టు తెలిస్తే, షాకబ్జర్లు అయిపోయినట్టే. ఈ పరీక్ష ఘాట్‌లో చేయవద్దు. కొండ దిగే దారిలో 36 హెయిర్‌పిన్ మలుపులున్నాయి, అక్కడ ధ్యాస రోడ్డు మీదే ఉండాలి.

కాటా, బియ్యం బస్తాలు

స్ప్రింగు మార్చాల్సిన అవసరం కనిపిస్తేనే ఈ పని. మామిడి మండీల దగ్గర లారీలు తూచే కాటా ఉంటుంది. ముందు చక్రాలు మాత్రమే కాటా మీదికి ఎక్కించి ఒక చీటీ, బండి మొత్తం ఎక్కించి ఇంకో చీటీ తీసుకోండి. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే వెనక యాక్సిల్ బరువు వస్తుంది. ఒకసారి ఖాళీగా, ఒకసారి మీరు మామూలుగా మోసే బరువుతో తూచండి. రూఫ్ క్యారియర్ లాంటివి పాత బండిలో చేరి ఎంత బరువు పెంచాయో అప్పుడు తెలుస్తుంది. ముందు బుల్ బార్ ఉంటే అది ముందు స్ప్రింగులను కుంగదీస్తుంది, పైగా అది మోటారు వాహనాల చట్టానికి విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017లోనే రాష్ట్రాలకు రాసింది. తీసేస్తే రెండు విధాలా మంచిది.

ఇక స్ప్రింగు గట్టితనం ఇంట్లోనే లెక్క కట్టవచ్చు. 25 కిలోల బియ్యం బస్తాలు నాలుగు తెచ్చి సరిగ్గా వెనక యాక్సిల్ పైన పడేలా పెట్టండి. బండిని రెండుసార్లు ఊపి వదిలేసి కొలవండి. ఊపకపోతే, ముఖ్యంగా కమాన్ కట్టల బండిలో, పట్టీల మధ్య రాపిడి వల్ల తప్పు అంకె వస్తుంది. ఉదాహరణకి హబ్ నుంచి ఫెండర్ దాకా 520 మి.మీ. ఉన్నది 500కి దిగిందనుకోండి. ఒక్కో పక్కకి 50 కిలోలు, 20 మి.మీ. దిగింది, అంటే మి.మీ.కి రెండున్నర కిలోలు. ఈ అంకె చక్రం దగ్గర తేలే గట్టితనం. స్ప్రింగు కూర్చున్న చోటును బట్టి డబ్బా మీద రాసే అంకె దీనికన్నా వేరుగా ఉండవచ్చు. ఎడమ కుడి ఒకేలా దిగుతున్నాయా లేదా అన్నది మాత్రం దీంతో ఖాయంగా తెలుస్తుంది. ఒక వైపు ఎక్కువ దిగితే ఆ వైపు స్ప్రింగు చుట్టు ఎక్కడో విరిగిందేమో టార్చ్ వేసి వెతకండి.

షాకబ్జర్ల ఎంపిక

అంగట్లో దొరికేవి స్థూలంగా మూడు రకాలు. నూనె మాత్రమే ఉండే ట్విన్ ట్యూబ్ (గొట్టంలో గొట్టం), నూనెతోపాటు తక్కువ ఒత్తిడిలో నైట్రోజన్ ఉండే ట్విన్ ట్యూబ్, ఎక్కువ ఒత్తిడి గ్యాస్ ఉండే మోనోట్యూబ్ (ఒకే గొట్టం).

మొదటి రకం మెత్తగా ఉంటుంది. వరసగా గతుకులు వస్తే నూనె నురగ కడుతుంది. నురగ కట్టిన నూనె వాల్వులోంచి సులువుగా జారిపోతుంది కాబట్టి పట్టు తగ్గుతుంది. రెండో రకంలో గ్యాస్ ఒత్తిడి ఆ నురగను అదుపులో పెడుతుంది. రోజువారీ తిరగడానికి, స్పీడ్ బ్రేకర్లకి, అప్పుడప్పుడు ఘాట్‌కి నా ఓటు దీనికే. మోనోట్యూబ్‌లో నూనెకీ గ్యాస్‌కీ మధ్య పిస్టన్ అడ్డం ఉంటుంది, గ్యాస్ ఒత్తిడి 20 బార్ దాటుతుంది. వేడి త్వరగా బయటికి పోతుంది, చాలాసేపు గతుకుల్లో నడిపినా పట్టు సులువుగా సడలదు. కానీ నెమ్మదిగా పోయేటప్పుడు చిన్న చిన్న గతుకులు కూడా వెన్నుకు తెలుస్తాయి. దాని బయటి గొట్టమే లోపలి సిలిండరు కాబట్టి రాయి తగిలి సొట్ట పడితే పిస్టన్ అక్కడే పట్టేస్తుంది. రోజూ క్వారీ దారుల్లో గంటలకొద్దీ తిరిగేవాళ్లకి మోనోట్యూబ్ విలువ తెలుస్తుంది. ఏర్పేడు రోడ్డు మీద తిరిగే నాకు అది అక్కర్లేదు.

గాబ్రియేల్, మన్రో, కేవైబీ లాంటి పేర్లలో మీ బండికి కంపెనీ కొలతకే తయారైనవి దొరికితే చాలు. బిల్‌స్టీన్, ఓల్డ్ మ్యాన్ ఎమూ లాంటివి మంచి సామానే, కానీ వాటిలో కూడా మీ బండికి, మీ బరువుకి తగినదే తీసుకోవాలి. ఓల్డ్ మ్యాన్ ఎమూ వాళ్లు స్ప్రింగులను మోసే బరువును బట్టి వేరు వేరుగా ఇస్తారు, కాటా చీటీ చేతిలో ఉంటే ఎంచుకోవడం తేలిక.

ఏది కొన్నా పూర్తిగా మూసినప్పటి పొడవు, పూర్తిగా సాగినప్పటి పొడవు పాతదానితో కలవాలి. మూసిన పొడవు ఎక్కువైతే బంప్ స్టాపర్ తగలకముందే షాకబ్జర్ అడుగు కొట్టి లోపల పగిలిపోతుంది. సాగిన పొడవు తక్కువైతే చక్రం కిందికి జారిన ప్రతిసారీ బరువంతా దాని కన్ను (కొనలో బోల్టు దూరే రింగు) మీద వేలాడుతుంది.

స్ప్రింగుల ఎంపిక, కొన్ని హెచ్చరికలు

బండి కుంగిందని టేపు చెబితే కంపెనీ గట్టితనం ఉన్న కొత్త స్ప్రింగులే వేయించండి. గట్టి స్ప్రింగు వేస్తే దాన్ని ఆపడానికి షాకబ్జర్ కూడా దానికి తగినంత గట్టిదే కావాలి. లేకపోతే బండి స్పీడ్ బ్రేకర్ దాటాక గంతులేస్తుంది. ఈ రెండూ జంటగా పనిచేసేవి.

కాయిల్ చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు చాలా చోట్ల అమ్ముతున్నారు. బండి లేస్తుంది, నిజమే. కానీ బఫర్ ఉన్న చోట ఆ చుట్లు కదలవు, ఆ భారం మిగతా చుట్ల మీద పడుతుంది. కుంగిన పాత స్ప్రింగుకి అది మంచిది కాదు, విరగవచ్చు. నేను వద్దనే చెబుతాను.

టార్షన్ బార్ ఉన్న బండికి ముందు కుంగితే షెడ్డులో బోల్టు నాలుగు చుట్లు బిగించి లేపేస్తారు. కొంచెం కుంగినప్పుడు కంపెనీ ఎత్తు వరకు సర్దడం సరైన పనే, ఆ బోల్టు ఉన్నది అందుకే. అంతకుమించి బిగిస్తే బార్ గట్టిపడదు, ఎత్తు మాత్రమే పెరుగుతుంది. చక్రం కిందికి జారడానికి చోటు తగ్గిపోయి, ప్రతి గుంతలోనూ ఆర్మ్ పైనుంచి టక్కున కొడుతుంది. అలైన్‌మెంట్ కూడా తప్పుతుంది.

కమాన్ కట్టకి అదనంగా ఒక పట్టీ వేయించడం మన దగ్గర మామూలే. రోజూ బరువు మోసే బండికి సరే. ఖాళీగా తిరిగే బండికి అది శిక్ష. కట్ట విప్పి తుడిచి, దాని కొనల్లోని కళ్ల బుష్‌లు, మధ్యనుండే లైనర్లు మార్చితే చాలా బళ్లు మళ్లీ మెత్తబడతాయి. కట్టను యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు మాత్రం పాతవి తిరిగి వాడవద్దు.

ఏడాదిలో కొన్ని వారాలే బరువు మోసేవాళ్లకు కాయిల్ స్ప్రింగు లోపల పెట్టే గాలి సంచులు ఒక దారి. క్రేట్లు వేసినప్పుడు గాలి కొట్టి, దించాక తగ్గించుకోవచ్చు. తోట బరువు కోసం నేను చివరికి ఎంచుకున్నది ఇదే.

ఎత్తు పెంచాలనే కోరిక గురించి ఒక్క మాట. 40, 50 మి.మీ. లేపితే బాల్ జాయింట్లు వాలిపోతాయి, బ్రేకు గొట్టాలు సాగుతాయి, మలుపులో బండి ఎక్కువ ఒరుగుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ నిర్దేశించిన దానికి తేడా వచ్చే మార్పులు చేయకూడదు. 15 ఏళ్లు నిండిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి, ఫిట్‌నెస్‌కి చూపించాలి. రోజూ ఆఫీసుకి వెళ్లే బండికి ఈ టెన్షన్ ఎందుకు?

కొనేటప్పుడు

ఒకే యాక్సిల్‌కి రెండు వైపులా కలిపి మార్చాలి, ఇందులో బేరం లేదు. షాకబ్జర్లతో పాటు పైన మౌంటు, డస్ట్ కవరు, బంప్ స్టాపర్ కూడా కొత్తవి తీసుకోండి. మన దుమ్ముకి చిరిగిన కవరుతో కొత్త షాకబ్జర్ వేస్తే సీలు త్వరగా పోతుంది. పార్టు నంబరు, హోలోగ్రామ్, ఎంఆర్‌పీ చూసి బిల్లు తీసుకోండి. బుష్‌లు రబ్బరువే తీసుకోండి. పాలీయురేథేన్ బుష్‌లు గట్టివి, ఎక్కువ కాలం వస్తాయంటారు, కానీ రోడ్డు అదురంతా లోపలికి పంపుతాయి, కొన్ని రకాలకు గ్రీజు కూడా అవసరం. నా దృష్టిలో రోజువారీ బండికి కావు.

డబ్బు ఒకేసారి లేకపోతే వరస ఇది: ముందు కీళ్లు, తర్వాత షాకబ్జర్లు, టేపు చెబితేనే స్ప్రింగులు. బాల్ జాయింట్ మాత్రం ఒక్క రోజు కూడా వాయిదా వేయవద్దు, అది ఊడితే చక్రమే పక్కకి పడిపోతుంది.

బిగించే రోజు దగ్గరుండండి

నా బుష్‌లు ఏడాదికే చిరిగిన కారణం ఇక్కడే ఉంది. రబ్బరు బుష్‌లో లోపలి గొట్టం, రబ్బరు, బయటి గొట్టం ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. అది బేరింగ్ లాగా తిరగదు, రబ్బరు మెలిపడుతుంది అంతే. బండిని లిఫ్ట్ మీద లేపితే ఆర్మ్ కిందికి వేలాడుతుంది. ఆ స్థితిలో బోల్టు బిగించేస్తే రబ్బరు అక్కడే పట్టుకుంటుంది. బండి కిందికి దించగానే ఆర్మ్ పైకి లేచి రబ్బరు మెలిపడిపోతుంది. ఇక నిలబడి ఉన్నప్పుడు కూడా అది మెలికలోనే ఉంటుంది, ప్రతి గుంతకీ ఇంకా సాగుతుంది.

కాబట్టి బోల్టులు ముందు వదులుగా పెట్టాలి. బండి నాలుగు చక్రాల మీద నిలబడి, కొంచెం ఊపాక, అప్పుడు చివరి బిగింపు వేయాలి. రెండోసారి నేను షెడ్డులో మేస్త్రీతో "అన్నా, ఆర్మ్ బోల్టులు బండి దించినాక బిగిద్దాం" అని ముందే చెప్పి పక్కనే నిలబడ్డాను. ఆయన బండిని షెడ్డులోని పని గుంత మీదికి తెచ్చి, కింద దిగి టార్క్ రెంచ్‌తో బిగించారు. అరగంట ఎక్కువ పట్టింది. మూడేళ్లు దాటింది, ఆ బుష్‌లు ఇప్పటికీ బాగున్నాయి.

షాకబ్జర్ రాడ్ తిరక్కుండా ప్లయర్‌తో పట్టుకోనివ్వవద్దు. ఆ మెరుపు మీద చిన్న గీత పడినా సీలును కోస్తుంది, నెలల్లో నూనె కారుతుంది. రాడ్ కొనలో పానా పట్టే గాడి ఉంటుంది, అక్కడే పట్టాలి. ట్విన్ ట్యూబ్ షాకబ్జర్లు షాపులో పడుకోబెట్టి ఉంచుతారు కాబట్టి లోపల గాలి చేరి ఉంటుంది. బిగించే ముందు నిలబెట్టి ఐదారుసార్లు పూర్తిగా నొక్కి, సాగనిచ్చి ఆ గాలి తప్పించాలి. స్ట్రట్ స్ప్రింగు విప్పడానికి దాన్ని నొక్కి పట్టే స్ప్రింగ్ కంప్రెసర్ తప్పనిసరి. తాడు కట్టి విప్పే షెడ్డులో ఆ పని చేయించవద్దు, ఆ స్ప్రింగు ఎగిరితే ప్రాణం పోతుంది.

బిగించిన తర్వాత

వీల్ అలైన్‌మెంట్ అదే రోజు వద్దు, రెండు మూడు రోజులు తిరిగాక చేయించండి, కొత్త సామాను కాస్త సర్దుకుంటుంది. మధ్యలో స్టీరింగ్ బాగా పక్కకి లాగితే మాత్రం ఆగకండి. స్ప్రింగులు మారిస్తే హెడ్‌లైట్ల వాలు కూడా చూపించండి, వెనక ఎత్తు మారితే వెలుతురు పడే చోటు మారుతుంది. 500 కిలోమీటర్ల దగ్గర ఒకసారి, 1,000 దగ్గర ఒకసారి బోల్టులు, ముఖ్యంగా యూ బోల్టులు బిగువు చూడాలి.

ఆ 1,000 కిలోమీటర్ల రోజు పొద్దున్నే మళ్లీ అదే పెట్రోల్ బంకు నేల మీదికి వెళ్లి, అదే టేపుతో నాలుగు చక్రాల ఎత్తు కొలిచి తారీఖు వేసి రాసుకోండి. వచ్చే ఏడాది బండి కుంగినట్టు అనిపించినప్పుడు పోల్చి చూసుకోవాల్సిన అంకెలు అవే.